అద్దె రంపాలు

మూడు రోజులు గడ్డకట్టే వాన.
నాలుగోనాడు లోగటెట్స్ అడవి
గాజుసామాన్ల కొట్టులా కూలింది.
ఐదోనాడు తెల్లారకముందే మా గుమ్మం ముందు వరస.

అందరికీ పెద్దదే కావాలి.
ఓజ్‌బోల్ట్ చెట్టు సంగతి అడగడు.
"ముందు చేతులు చూపించు" అంటాడు.
నేను పద్దు రాస్తాను,
పెట్రోల్లో నూనె కలుపుతాను, యాభైకి ఒకటి,
మంచు కొరికి మొండిబారిన గొలుసుల పళ్ళకి
ఆకురాయి పెడతాను.

గాష్పెర్‌కి ఇరవైనాలుగు అంగుళాల బ్లేడు కావాలట.
కోయాల్సింది, గేటుకి అడ్డం పడిన
మూడు రేగుకొమ్మలు.
"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు నాయనా?"
చేతిలో పెట్టింది జానెడు బ్యాటరీ రంపం.
ఊళ్ళో కరెంటు లేదు, జనరేటరు మీద నింపిన బ్యాటరీలు రెండు.
"ఒకటి కోటు లోపల, ఒంటికి ఆనించి పెట్టుకో.
చలి దాని రక్తం తాగుతుంది."

టిలెన్ ఎదురు తిరకాసు.
ఇద్దరు చేతులు చాచినా అందని బీచ్ మాను,
చేతిలో మాత్రం పొయ్యికట్టెల చిన్న రంపం.
ఏనుగు దాహానికి చూరునీళ్ళు.
డెబ్భై సీసీది దించాం గోడ మీంచి.
"సగం అద్దె నాకివ్వు,
మిగతా సగం రాత్రికి నీ నడుం వసూలు చేస్తుంది.
ఇంకోమాట,
వంగి ఇరుక్కున్న కొమ్మ ఎక్కుపెట్టిన విల్లు.
ఎటు విడుస్తుందో చూసుకుని
అప్పుడు నిలబడు."

పైన పిడి ఉన్న బుల్లిరంపం వైపు
ప్రతివాడూ వేలు చూపిస్తాడు. తేలిక కదా అని.
"అది తాడు కట్టుకుని చెట్టెక్కేవాళ్ళది.
ఒంటిచేత్తో పట్టమని పిలుస్తుంది."
పిలిచిందని వెళ్తే ఏమవుతుందో చెప్పడు.
ఎడమ బుగ్గ వెలుతురు వైపు తిప్పి
తర్వాతి మనిషిని రమ్మంటాడు.

మధ్యాహ్నం వరస పలచబడ్డాక స్లావ్కా వచ్చింది.
చేతులు అడక్కుండానే బల్ల మీద పెట్టింది.
ఆమె తేనెటీగల కొట్టం మీద చెట్టు ఒరిగింది.
నలగలేదు. ఇంకా మోస్తోంది.
లోపల ఎనిమిది పెట్టెలు,
ఒక్కో పెట్టెలో ఒకదాన్నొకటి కప్పుకుని
గుప్పెడు వేసవిని కాపాడుకుంటున్న ఈగల ముద్ద.
కుదిపితే ముద్ద విడుతుంది.
విడితే చలికి గింజల్లా రాలతాయి.

ఓజ్‌బోల్ట్ గోడ పొడుగునా నడిచాడు.
పెట్రోలుది ముట్టుకోలేదు.
బ్యాటరీది ఎత్తి, ఒక్కసారి తిప్పి,
అరచెయ్యి ఆనించి దించేశాడు.
"పొగ లేదు. మోత తక్కువే.
వణుకు మాత్రం ఉంది."

కొట్టు పలక కింద, మేకులకి,
అలంకారంగా వేలాడే ఇద్దరు మనుషుల రంపం.
నిచ్చెన తెమ్మన్నాడు.
"అద్దె ఎంత రాయను?"
"ఇది ఒంటరిగా ఇవ్వకూడదు. నువ్వూ వెళ్ళు."

రంపపుకోత అంటే బాధ అనే విన్నాను ఇన్నాళ్ళూ.
ఆ పూట తెలిసింది, అది ఒక మర్యాద.
"లాగు. తొయ్యకు," అంది స్లావ్కా.
మీట నొక్కి పెరిగిన చేతులు నావి, తోశాను.
బ్లేడు పాములా మెలికపడి ఆగింది.
"నీ వంతు అయింది. వదిలెయ్.
అవతల నేను లేనా?"

మూడు గంటలు. పొట్టు మంచు మీద పసుపుగా పడింది.
బారెడు దూరంలో పెట్టెల ముఖాల మీద పాత బొమ్మలు:
వేటగాడి పాడె మోస్తూ జింకలు, కుందేళ్ళు,
ముందు బాకా ఊదుతూ ఎలుగుబంటి.
ఆఖరి ముక్క తాళ్ళతో దించాక
ఒక పలకకి చెవి ఆనించాను.
కథ వింటూ నిద్రలోకి జారిన పిల్ల
ఇంకా 'ఊఁ' కొడుతున్నట్టు.

తేనె ఇస్తుందనుకున్నాను.
"ఏప్రిల్లో చూద్దాం, బతికితే," అని తలుపేసుకుంది.

కొట్టుకి వచ్చి పద్దు తెరిస్తే
'రంపం రకం' గడి ఖాళీగానే ఉంది.
ఓజ్‌బోల్ట్ దాన్ని మళ్ళీ పలక కింద వేలాడదియ్యలేదు.
బల్ల మీద పరిచి, ఒక్కో పన్నూ తడిమి,
ఆకురాయి ఇటివ్వు అన్నాడు.